మూడో కిటికీ కింది మన్ను

సెప్టెంబర్ 14, ఆదివారం

జనవరి తర్వాత ఈ డైరీ తెరవడం ఇదే. తెరిపించింది కోపం. మనుషుల మీద చూపిస్తే తగాదా అవుతుంది, కాగితం మీద చూపిస్తే ఎవడికీ నష్టం లేదు.

పొద్దున ఇంకా టీ కూడా తాగలేదు, దుర్గేశ్ మెట్లెక్కి వచ్చాడు. వరసకు మా చిన్నాన్న కొడుకు. నేనుండే ఈ ఖేడ్ చుట్టుపక్కల పడిన స్లాబుల్లో సగం వాడు పోయించినవే. ఈమధ్య మా ఊరి చర్చి కమిటీకి సెక్రటరీ కూడా అయ్యాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, చర్చి ఇగ ఆగేటట్టు లేదు. గోడలు భూమిలకు దిగబడ్తున్నయ్. నువ్వు జూసి ఒక్క కాయితం రాసియ్యి, పైన పెద్దలకు పంపుత. దీపావళి ఎల్లంగనే జేసీబీ పెట్టి కూలగొట్టి కొత్తది మొదలుపెడ్దాం. పిల్లర్ల మీద, రెండంతస్తులు."

"నేను ఇండ్ల ప్లాన్లు గీసుకునేటోణ్ణి. పెద్ద ఇంజనీర్లను అడుగుపో."

"మనోడు రాస్తే మనోళ్లు నమ్ముతరే."

బండి తీసి కల్హేర్ దారిలో ఉన్న మా ఊరికి బయల్దేరాను. చర్చిని బయటి నుంచే చూశాను, చూడగానే తెలిసిపోయింది. ద్వారం నా గడ్డం దాకా ఉంది. కిటికీలు మోకాలి ఎత్తులో ఉన్నాయి. నేల మీద లేచి ఉండాల్సిన బేస్‌మెంట్ అన్నదే కనబడదు, నల్లరాతి గోడ మట్టిలోంచి మొలిచినట్టుంది. కింద నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వందేళ్లలో అంత బరువున్న గోడలు దిగబడక ఏం చేస్తాయి? బండి సీటు మీద కాగితం పెట్టుకుని రాసేశాను. కట్టడం కుంగింది, లోపల జనం కూర్చోవడం ప్రమాదం, కూల్చడం మేలు.

లోపలికి వెళ్లలేదు. అవసరం పడలేదు. వెనక సమాధుల వైపు గోడ కూడా చూడలేదు. మూడు వైపులు చూసినవాడికి నాలుగోది తెలియదా?

జనవరిలో సంధ్యను ఆ ద్వారంలోంచే బయటికి తెచ్చాం. పెట్టె మోసేవాళ్లం నడుములు వంచాల్సి వచ్చింది. నా వైపు మూల పైన రాతికి తగిలింది. కట్టుకున్నదాన్ని ఆఖరిసారి మోసేటప్పుడు కూడా నిటారుగా నడవనియ్యని ద్వారం అది. కూలితే కూలనీ.

సెప్టెంబర్ 15

కాగితం దుర్గేశ్ చేతిలో పెట్టాను. పీడ వదిలింది.

సెప్టెంబర్ 18

వదల్లేదు.

బస్ డిపో ఎదుట శంకరప్ప హోటల్లో టీ తాగుతుంటే గోడ మీద ఏసుక్రీస్తు క్యాలెండరు, దాని పక్కన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు కనిపించాయి. ఒకే గోడకు రెండెందుకని అడిగాను. శంకరప్ప రెండూ ఎత్తి చూపించాడు. వెనక వేలు దూరేంత పగులు, నేల నుంచి కప్పు దాకా.

"దేవుడు గిట్ట జర అడ్డం వడ్తడని," అన్నాడు.

ఆ హోటలు కట్టి పదేళ్లు కాలేదు. నేల కాస్త కదిలితేనే గోడ అట్లా చీలింది. మరి మా చర్చి అంత లోతు దిగబడిందన్నాను కదా, దానికి పగులేది? మూడు వైపులా చూశాను. ఒక్క గీత లేదు. మునిగే గోడ నోరు మూసుకుని మునగదు.

చూడకపోయి ఉంటాను. నాలుగో వైపు ఉందేమో.

సెప్టెంబర్ 20

కల్హేర్‌లో పని ఉండి వెళ్లాను. దారిలోనే కాబట్టి చర్చి దగ్గర ఆగాను.

మాణిక్యప్ప తాత ద్వారం ముందు అరుగు మీద కూర్చున్నాడు. గంట కొట్టేది ఆయనే. నా చేతిలో టేపు చూసి మూతి తిప్పాడు.

"సావుకాయితం రాసినోడివి, మల్ల ఎందుకొచ్చినవ్?"

"పగుళ్లు చూద్దామని."

"జూడు, జూడు. దొరికితే నాక్గూడ జూపియ్యి."

చుట్టూ తిరిగాను. నాలుగో వైపు కూడా చూశాను, కానీ సమాధుల దిక్కు తల తిప్పకుండా. పగులు లేదు. ఊరికే రావడం ఎందుకని తాత పక్కన కూర్చుని కట్టడం సంగతులు అడిగాను. ఆయనకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు.

కరువు రోజుల్లో మెతడిస్టు దొర ఒకడు గంజి పోసి పని చేయించాడట. రాళ్లు మోసింది మా వాడ వాళ్లే. డంగుసున్నాన్ని గానుగలో బెల్లంనీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి రుబ్బారట. కమాన్లు కట్టింది మాత్రం బీదర్ మేస్త్రి. మసీదులు కట్టే చెయ్యి. అందుకే కిటికీల పైభాగం మొన తేలి ఉంటుంది. పైన సిలువ, కింద మసీదు కమాను. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఇన్నేళ్లలో ఒక్కసారి ఎందుకని అడగలేదు.

"తాతా, ద్వారం ఊరి దిక్కు గాక వాడ దిక్కు ఎందుకు పెట్టిన్రు?"

"ఊరోళ్లు అప్పట్ల మనల ఏ గుడి మెట్లెక్కనియ్యకపాయె. మనం గట్టుకున్నదాని మొఖం మన దిక్కే ఉండాలె గదరా. ఊరి దిక్కు ఈపు."

"మరి గింత పొట్టిగెందుకు?"

"పటేలు గుర్రమెక్కి లోపటికి రావొద్దని."

అప్పుడే పాస్టరయ్య వచ్చాడు. కొత్తవాడు, మెత్తనివాడు, అందరినీ బ్రదర్ అంటాడు. ఆయన లెక్క వేరే. "దేవుని ముంగట తల వంచాలని, వేణు బ్రదర్." ఇంటికొచ్చి దుర్గేశ్‌కు ఫోన్ చేస్తే వాడిదింకో లెక్క. "అప్పటోళ్లు పొట్టోళ్లే అన్నా. తిండి యాడుండె?"

ముగ్గురూ ఎంత గట్టిగా చెప్పారో. నేనూ అంతే గట్టిగా రాసిచ్చాను కదా.

సెప్టెంబర్ 21

కట్టించింది దొర. దొరలు ఆరడుగుల మనుషులు. ఎవడైనా తన నొసలు పగిలే ద్వారం తానే కట్టించుకుంటాడా?

సెప్టెంబర్ 24

ఇంటి ఓనరు దేవప్ప అడిగాడు. "నీ ఇల్లు ఎప్పటికి లేస్తది వేణూ? గది ఖాళీ చేస్తవా, ఉంటవా?" దీపావళి తర్వాత పని మొదలుపెడతానన్నాను. ఉగాదికి కూడా ఇట్లాగే ఏదో తర్వాత అన్నాను.

సాయంత్రం మా ప్లాటు దాకా వెళ్లాను. పునాది గుంతల్లో గడ్డి మొలిచింది. తీసిన మట్టి కుప్ప వానకు కరిగి, తెల్ల సుద్దగడ్డలు పళ్లలా బయటపడ్డాయి. ఖేడ్‌లో మా వైపు కాస్త తవ్వితే చాలు ఈ సుద్ద వస్తుంది, మేస్త్రీలు తిట్టుకుంటారు. కిందటేడు చర్చిలో కోతల పండుగకు ముందురోజు ఊరికి పోతూ సంధ్య ఈ మట్టినే సిమెంటు సంచిలో నింపి బండి మీద ఇద్దరి మధ్య పెట్టింది. కొత్త చీర మీద మట్టి మూట ఏందే అని దారంతా సతాయించాను. ఊళ్లో ఉన్న హన్మమ్మ పెద్దమ్మకు కావాలట అని ఒక్కటే మాట. పెద్దమ్మ ఏం చేసుకుంటుందో అడగలేదు. సంధ్యకు అట్లాంటి పిచ్చిపనులు చాలా ఉండేవి.

సెప్టెంబర్ 26

వాన. పొద్దుటి నుంచి తెరిపి లేదు.

సెప్టెంబర్ 27

వాన తగ్గకముందే వెళ్లాను. కల్హేర్‌లో పని.

రాసుకునేది నాకోసమే కాబట్టి నిజం రాస్తాను. కల్హేర్‌లో పని లేదు.

కుంగిన ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. గోడ దిగినప్పుడు పక్కనున్న నేలను కూడా కిందికి గుంజుతుంది. గోడ చుట్టూ కాలువలా పల్లం పడి వాననీళ్లు గోడకు అంటుకుని నిలుస్తాయి. గొడుగు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగాను. గోడ దగ్గర ఒక్క చుక్క నిలవలేదు. నీళ్లన్నీ గోడ నుంచి బయటికి పారుతున్నాయి. అంటే గోడ పక్కన నేల పల్లంగా లేదు, మిట్టగా ఉంది. నాలుగు వైపులా, గోడకు ఆనుకుని, గట్టు వేసినట్టు.

మునిగిన ఇంటికి చుట్టూ మిట్ట ఎక్కడి నుంచి వస్తుంది?

తడిసి వణుకుతూ నవ్వుకున్నాను. ఎన్ని నెలలైందో.

అక్టోబర్ 3

దసరా మర్నాడు. దుర్గేశ్ ఫోను. "అన్నా, పర్మిషన్ వచ్చేసింది. ఇరవై రెండుకు జేసీబీ మాట్లాడిన. నీ కాయితం మస్తు పన్జేసింది."

జర ఆగు అన్నాను. ఎందుకు అన్నాడు. నీళ్లు బయటికి పారుతున్నాయని చెప్తే వాడు నన్ను దవాఖానకు తీసుకుపోతాడు.

అక్టోబర్ 5, ఆదివారం

ఆరాధన అయ్యి అందరూ వెళ్లిపోయాక లోపలికి వెళ్లాను.

తల వంచాను. వంచక తప్పదు. ఒక్క అడుగు వేసి ఆగిపోయాను. ఎదురుగా పాస్టరయ్య ప్రార్థన చేసే బల్ల. జనవరిలో పెట్టె పెట్టింది దాని ముందే. చాలాసేపు టేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను, ఏం కొలవాలో గుర్తు రాలేదు. పాస్టరయ్య చూశాడు. వెళ్లి లెవెల్ చూసే సన్నని పైపులో నింపడానికి బిందెతో నీళ్లు తెచ్చిపెట్టాడు. మంచివాడే.

పని మొదలుపెట్టాక ఊపిరి ఆడింది. నాలుగు మూలలా గోడలో ఎర్రరాతి పట్టీ ఒకటి తిరిగి ఉంది. పైపు పట్టి చూస్తే నాలుగు మూలల్లోనూ నీరు దానికి సమానంగా నిలిచింది. దిగబడే కట్టడం నాలుగు మూలలా బుద్ధిగా ఒకే లెక్కన దిగబడదు. ఏదో ఒక మూల ముందు పోతుంది.

ఇంకోటి. గోడల్లో దీపాలు పెట్టుకునే గూళ్లున్నాయి. చిన్నప్పుడు వాటిలో చెప్పులు దాచేవాళ్లం. ఇవాళ చూస్తే అవి నా పిక్కల ఎత్తులో ఉన్నాయి. పిక్కల దగ్గర దీపం ఎవడు పెడతాడు, చీమలకు వాక్యం చదవడానికా? బల్ల ముందు మెట్టు కూడా ఒక్కటే ఉంది, అది కూడా వేలెడంత. మిగతావి కింద ఉండాలి.

గోడలు దిగలేదు. నేల లేచింది.

రెండు ముక్కలూ రాశాక లేచి గదిలో అటూ ఇటూ నడిచాను. నేల ఎట్లా లేస్తుంది? ఎవరు లేపారు? ఎందుకు?

అక్టోబర్ 7

పాస్టరయ్యను అడిగి మూలన నేలకు పరిచిన షాబాద్ బండ ఒకటి లేపాను. బండలు వేయించి ముప్పై ఏళ్లు దాటిందట, ఆయన కంటే ముందు పాస్టర్లెవరో వేయించారు. కింద గడ్డపార వేశాను.

ముందు నల్లమట్టి. దాని కింద ఎర్రది. కింద బూడిద రంగు, మళ్లీ నలుపు, మళ్లీ ఎరుపు, ఇసుక కలిసింది ఒకటి. అన్నీ పలుచగా, గట్టిగా తొక్కినవి, పేడ అలికిన గీతలతో సహా. మా ఊళ్లో ఎర్రమట్టి లేదు. ఎంత తవ్వినా నల్లదే. అట్టడుగున గడ్డపార ఖణేల్‌మంది. చేత్తో తుడిస్తే నున్నటి గచ్చు, ఇంకా మెరుస్తోంది. అదీ దొర వేయించిన నేల. అక్కడ నిలబడితే దీపపు గూడు చేతికి అందుతుంది. ద్వారం ఆరడుగులవాడు టోపీతో సహా పోయేంత ఉంటుంది.

బురద చేతులతోనే బయటికి పరుగెత్తి మాణిక్యప్ప తాతను పిలిచాను. తాత గుంతలోకి తొంగి చూసి ఒక్కో పొర మీదా వేలు పెట్టాడు.

"గుర్రం సంగతి మా నాయన జెప్పిండురా," అన్నాడు చివరికి, కాస్త చిన్నబోయి.

ఈ మట్టి ఎవరు పోశారో ఆయనకూ తెలియదు. పాస్టరయ్యకూ తెలియదు. దుర్గేశ్‌ను అడిగితే "బండల కింద ఫిల్లింగ్ అన్నా, గంతే" అన్నాడు. ఫిల్లింగ్‌కు రంగుకొక బండి మట్టి ఏ పిచ్చోడు తెస్తాడు?

అక్టోబర్ 8

మగవాళ్లను అడగడం నా తప్పు.

హన్మమ్మ పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను తిట్టే హక్కు ఆమెకే ఉంది. జనవరి తర్వాత ఆమె గడప తొక్కలేదని ముందు ఆ కోపం తీర్చుకుంది. జొన్నరొట్టె పెట్టింది, తింటూ అడిగాను. చర్చిలో గంత మన్ను ఎవలు పోసిన్రని.

"మేమే పోసినం. ఎవలు పోస్తరు?"

రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"ఎందుకే?"

"ఎందుకేంది? కోతల పండుగ నాడు తెల్లారకముందే ఇంటింటి ఆడోళ్లు తట్టెడు మన్ను తెచ్చి దేవుని ఇంట్ల పోసి తొక్కుతరు. మా అత్త పోసింది, ఆమె అత్త పోసింది. మీ అమ్మ గూడ పోసింది. మనకు భూమెక్కడిదిరా? ఊరోళ్ల చేన్ల కోస్తిమి, కోసినకాడి మన్ను తట్టెడు తెస్తిమి. చెరుకు కొట్టవోయినోళ్లు ఆడికెల్లి తెస్తుండిరి. గా ఎర్రది బీదర్ దిక్కుది. చేను వాళ్లది, పంట వాళ్లది. గీ తట్టెడు మన్నే మనది. గది దేవుని ఇంట్ల ఉంటె ఎవడు గుంజుకుంటడు?"

"మరి మొగోళ్లకు ఒక్కలకు గూడ ఎర్కలేదేందే?"

"పండుగనాడు మొగోళ్లు ఎన్నడన్న తొమ్మిదింటికి ముందు లేసిన్రా?"

నిజమే, గంట కొట్టే మాణిక్యప్ప తాతే ఆ రోజు తొమ్మిదింటికి కొడతాడు. నేనైతే సంధ్య ఇస్త్రీ చొక్కా నెత్తిన వేస్తే లేచేవాణ్ణి.

"షాబాద్ బండలు ఏసినంక లోపట పోయ రాకపాయె. అప్పటికెల్లి బయట గోడకు పోస్తున్నం. ఎవలింటి జాగ వాళ్లకున్నది. మనది గా వడమటి దిక్కు మూడో కిటికి." పెద్దమ్మ నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "కిందటేడు నీ పెండ్లాం పోసింది. ఖేడ్‌ల మీ జాగల తవ్విన మన్నట. 'పెద్దమ్మా, ఇన్నేండ్లు మీరు కూలికి పోయిన చేన్ల మన్ను పోసిన్రు. ఇది మా సొంత జాగది' అనుకుంట నవ్వింది. నవ్వి, చెప్పులిడిసి తొక్కింది. నీకు జెప్పలేదా?"

చెప్పలేదు. నేను చెప్పనిస్తే కదా. దారంతా చీర పాడైతుందని తిడుతూనే ఉన్నాను.

పెద్దమ్మ ముందే ఏడ్చాను. జనవరిలో కూడా అంత ఏడవలేదు.

అక్టోబర్ 9

మూడో కిటికీ కింద తెల్ల సుద్దగడ్డలున్నాయి. చేత్తో తీశాను. మళ్లీ అక్కడే పెట్టాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. నేను లేచి నిలబడి, చర్చి కుంగలేదు, నేను రాసింది తప్పు, కాగితం వాపసు తీసుకుంటున్నాను అన్నాను. లేపిన బండ కింద గుంత అందరికీ చూపించాను. కుర్రవాళ్లు ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. ఆడవాళ్లు మాత్రం ఇందులో చూసేదేముందన్నట్టు కూర్చున్నారు.

దుర్గేశ్ ముఖం ఎర్రబడింది.

"నువ్వు రాసిస్తెనే గదనే నేను పంపింది! ఇప్పుడు పైనోళ్లకు ఏమని జెప్పాలె? మా అన్న లోపటికి పోకుండనే రాసిండని జెప్పాల్నా?"

"గట్లనే చెప్పు. గదే నిజం."

"నిజమంట! అందరి చర్చిలు చూడు ఎట్లున్నయో. మన పిల్లల పెండ్లిళ్లకు వచ్చినోళ్లు ద్వారానికి తల కొట్టుకుంటున్నరు. నాకు ఇజ్జత్ పోతది. ఇందులో నా లాభం గిట్ట ఏమన్న ఉన్నదా?"

వాడిని తప్పు పట్టలేను. వాడిది ఆశే కానీ దురాశ కాదు. కానీ ఆ మాట అక్కడ అనలేదు, నోరుమూసుకోరా అన్నాను. పాస్టరయ్య మా ఇద్దరి మధ్య నిలబడాల్సి వచ్చింది. మొత్తానికి జేసీబీ వద్దని తేల్చారు.

గెలిచానని ఇంటికొచ్చాను. కానీ పైపు పెట్టి చూసిననాడే ఇంకోటి కూడా చూశాను, ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు. గోడల లోపలి సున్నం కింద భాగంలో పొడిపొడిగా రాలుతోంది. నానిన మట్టి ఏడాదంతా గోడకు ఆనుకుని ఉంటే తేమ పైకి పాకుతుంది. ఇంకొన్నేళ్లకు రాళ్ల మధ్య సున్నం పిండిగా మారుతుంది. అప్పుడు నిజంగానే కూలుతుంది.

చర్చి నిలవాలంటే బయట పోసిన మట్టి తీసెయ్యాలి. మొత్తం. మూడో కిటికీ కిందిది కూడా.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం ఏమైంది, ఇంకొన్నేళ్లు నిలుస్తుంది కదా.

అక్టోబర్ 16

ఇంకొన్నేళ్లు నిలుస్తుంది.

అక్టోబర్ 21

దీపావళి అయిపోయింది. ఇంటి పని మొదలుపెట్టలేదు.

అక్టోబర్ 22

జేసీబీ రావాల్సిన రోజు. రాలేదు. వెళ్లి చూశాను. చర్చి నిలబడే ఉంది. ద్వారం దగ్గర తల వంచి లోపలికి వెళ్లి, వేలితో సున్నం గీకాను. పిండిలా రాలింది.

తప్పుడు కాగితం రాసి ఒకసారి చంపబోయాను. ఇప్పుడు నోరు మూసుకుని రెండోసారి చంపుతున్నాను. సంధ్య ఉంటే ఏమనేది? "నువ్వు గోడకు డాక్టరువా, యముడివా?" అనేది. ఆమెకు నా మీద జోకులెయ్యడానికి ఏదో ఒక మాట దొరికేది.

అక్కడి నుంచి నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్లి చెప్పేశాను.

అక్టోబర్ 26, ఆదివారం

ఈసారి ఆడవాళ్లే కూర్చున్నారు, మగవాళ్లం నిలబడ్డాం. బయటి మట్టి తియ్యకపోతే గోడలు ఆగవని చెప్పాను. లోపలిది ఉండనివ్వచ్చు, బండల కింద పొడిగానే ఉంది. ద్వారం పొట్టిగానే ఉంటుంది. బయటిది మాత్రం పోవాలి.

మా వాడ ముసలామె రామవ్వ ముందు లేచింది. "మా అత్త పోసిన మన్ను తీసి రోడ్డు మీద పారేస్తవా? ట్రాక్టరోనికి అమ్ముతవా?"

"పారెయ్యను అవ్వా..."

"మరేడ వెడ్తవ్? నీ నెత్తి మీదనా?"

కొలతలు తెలుసు, తేమ తెలుసు, మట్టిని ఎక్కడ పెట్టాలో తెలియదు. అందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. హన్మమ్మ పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"అరుస్తరేందే! తీసుడంటె పారేసుడా? పోసినోళ్లు ఏడున్నరు? గా వెనకకే ఉన్నరు గద. వచ్చే ఐతారం సమాధుల పండుగ. ఎవలి మన్ను వాళ్ల మీదికే పోతది."

రామవ్వ కూర్చుంది. వెనక నుంచి దుర్గేశ్ గొంతు వినిపించింది, ఇంకా అలకతోనే.

"తట్టలు, పారలు నా కాడ ఉన్నయ్. పంపుత."

నవంబర్ 1, శనివారం

పొద్దుటి నుంచి మోస్తూనే ఉన్నారు. ఏ కిటికీ కింది మట్టి ఆ ఇంటివాళ్లే తవ్వారు, వాళ్ల సమాధుల మీదే పోసుకున్నారు. దుర్గేశ్ వాళ్ల నానమ్మ జాగ తవ్వుతూ చెమటలు కక్కుతున్నాడు. వాడికి ఎర్రమట్టి దొరికింది. "బీదర్ కాడ చెరుకు కొట్టింది మా ముసల్ది," అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి ఎర్రరాతి బేస్‌మెంట్ బయటపడింది. బీదర్ మేస్త్రి చెక్కిన అంచు చుట్టూ తిరిగి ఉంది, అరిటాకు ఈనె అంత సన్నగా. ఇన్నేళ్లు మట్టిలో ఉండి చెక్కుచెదరలేదు. చర్చి ఒక్కసారిగా లేచి నిలబడ్డట్టయింది. మాణిక్యప్ప తాత వేలితో ఆ అంచు తడుముతూ చుట్టూ నడిచాడు.

మూడో కిటికీ నేనే తవ్వాను. పైన తెల్ల సుద్ద కలిసింది విడిగా తట్టలోకి ఎత్తాను. తలమీద పెట్టుకుని వెనక సమాధుల వైపు నడిచాను. తొమ్మిది నెలల తర్వాత.

సంధ్య సమాధి కుంగింది. రాయి వేయించలేదు, మట్టి మాత్రమే. తవ్వి పూడ్చిన మట్టి వానకు దిగుతుందని, ఏడాది పాటు మళ్లీ మళ్లీ పొయ్యాలని నా కంటే బాగా ఎవరికి తెలుసు? నడుమ గుంత పడి, వాననీళ్లు నిలిచి ఎండిన మరక ఉంది. ఊరందరి గోడలు కొలిచినవాణ్ణి, ఇది చూడలేదు. చర్చి మునిగిందని రాసిచ్చాను. మునిగింది ఇది.

మోకాళ్ల మీద కూర్చుని తట్ట ఒంపాను. చెప్పులు విడిచి తొక్కాను, ఆమె తొక్కినట్టే. గుంత సగమే నిండింది.

నవంబర్ 2, ఆదివారం

సమాధులన్నిటికీ సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. సంధ్య దగ్గర నేనూ ఒకటి వెలిగించాను. గాలికి ఆరిపోతుంటే హన్మమ్మ పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టింది.

"గుంత నిండలేదు గదరా. ఇంకో తట్టెడు వడ్తది. మూడో కిటికి కాడ ఇగ మన్ను లేదు. ఏడికెల్లి తెస్తవ్?"

రేపు పొద్దున మేస్త్రీని రమ్మన్నాను. పునాది గుంతల్లో గడ్డి పీకించాలి. తవ్వితే సుద్దమట్టి కావలసినంత వస్తుంది.

"మా సొంత జాగకెల్లి తెస్త పెద్దమ్మా," అన్నాను.